జొన్న పాతరలో సముద్రం

అమరేష్ గోళ్లలో ఇరుక్కున్న మట్టి నారాయణఖేడ్‌ది కాదు.

సీఐ జగదీశ్వర్ ఆ సంగతి మంగళవారం సాయంత్రమే గమనించాడు. శవం ఇంటి వాకిట్లో, జొన్న పాతర పక్కన, చాప మీద ఉంది. నడుముకు కట్టిన తాడు ఇంకా విప్పలేదు. నలభై దాటని మనిషి. ఒంటి మీద దెబ్బ లేదు. నోట్లో నురగ లేదు. ముఖంలో భయం కూడా లేదు.

జగదీశ్వర్ వంగి ఆ చేతిని తిప్పి చూశాడు.

ఖేడ్ చుట్టుపక్కల నేల రెండే రకాలు. నల్ల రేగడి, ఎర్ర మట్టి. గోళ్లలో ఉన్నది ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంది. వేళ్ల మధ్య నలిపితే వెన్నలా జారింది. అందులో ఆవగింజంత గవ్వ ఒకటి మెరిసింది.

ఆయన దాన్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శవం కుడి చేతిలో నీలం రంగు ప్లాస్టిక్ మూత బిగుసుకుని ఉంది. పీవీసీ పైపు ఎండ్ క్యాప్ అని ఎస్సై పంచనామాలో రాశాడు. రైతు ఇంట్లో అలాంటివి ఏ మూల చూసినా దొరుకుతాయి. ఎవరూ దాని గురించి మళ్లీ ఆలోచించలేదు.

"నువ్వేనా పైకి గుంజింది?"

"నేనే సారు." పక్కింటి కిష్టప్ప ఇంకా ఆయాసపడుతున్నాడు. "గొడ్లకు నీళ్లు పెడుతున్న. సౌభాగ్య ఒర్లింది. ఉరికొచ్చిన. ఇద్దరం కలిసి తాడు గుంజినం. పైకొచ్చేసరికి పానం లేదు."

"టైమెంత?"

"మూడున్నర బస్సు పోయింది. గప్పుడే."

"పాతరలకు దీపం దించిండ్రా?"

కిష్టప్ప ఆయన్ను వింతగా చూశాడు. "దించకుండ ఎవడన్న దిగుతడా? తాతల నాటి రివాజు సారు అది. నేనొచ్చేటాలకు గూడ లోపల దీపం మండుతనే ఉంది."

పాతర అంటే నేలలో తవ్విన గాదె. పైన ఇరుకు మూతి, లోపల వెడల్పు. మూసి ఉంచిన పాతరలో చెడు గాలి చేరుతుందని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ముందు మూతి మీది బండ తీస్తారు. తాడుకు దీపం కట్టి దించుతారు. ఆరితే ఆగుతారు. ఆరకపోతే నడుముకు తాడు కట్టుకుని దిగుతారు.

దీపం ఆరలేదు. మనిషి ఆరిపోయాడు.

ఫైర్ వాళ్లు వచ్చి గంటసేపు లోపలికి గాలి కొట్టారు. ఆ తరువాత కానిస్టేబుల్ నెహెమ్యా దిగి, చూసి, ఫొటోలు తీసి, క్షేమంగా పైకి వచ్చాడు.

"ఏముంది లోపల?"

"ఏం లేదు సార్. విరిగిన పీవీసీ పైపులు ఆరు. గోనె పట్టాలు. అంతే."

అక్కడితో గాలి సంగతి పక్కకు పోయింది.

దవాఖాన డాక్టర్ బుధవారం మధ్యాహ్నం చెప్పాడు. "గుండె జబ్బు లేదు. కడుపులో మజ్జిగ ఉంది. విషమా కాదా అన్నది హైదరాబాద్ ల్యాబ్ చెప్పాలి. నెల పట్టొచ్చు."

నెల ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. బుధవారం సాయంత్రం అమరేష్‌ను సొంత చేనులో సమాధి చేశారు. గురువారం పొద్దున్నే అతని తమ్ముడు మహంతేష్ స్టేషన్‌కు వచ్చి కంప్లైంట్ ఇచ్చాడు. మా వదిన సౌభాగ్య మజ్జిగలో విషం కలిపి మా అన్నను చంపింది అని.

తొమ్మిదింటికి డీఎస్పీ ఫోన్.

"జగదీశ్, ఆమె తాడు పట్టుకుంది. ఆమే మజ్జిగ ఇచ్చింది. పొద్దున గొడవ పడింది కూడా ఆమే. ఇంకేం కావాలి? సాయంత్రానికి అరెస్ట్ చూపించు."

"సాయంత్రం దాకా టైమివ్వండి సార్."

*

సౌభాగ్య పశువుల కొట్టంలో గోడకు ఆనుకుని కూర్చుంది. అత్త ఇంట్లోకి రానివ్వలేదు. ఎనిమిదేళ్ల కూతురు శివాని ఆమె కొంగు పట్టుకుని నిద్రపోయింది. పక్కన, మూత పెట్టిన గిన్నెలో రెండు జొన్న రొట్టెలు. కిష్టప్ప భార్య హన్మమ్మ ఎవరూ చూడకుండా తెచ్చి పెట్టి వెళ్లిందట. సౌభాగ్య ముట్టుకోలేదు. కానీ గిన్నె మీద ఈగ వాలకుండా ఎవరో తడిగుడ్డ కూడా కప్పారు. జగదీశ్వర్ ఆ గుడ్డను చూసి ఒక్క క్షణం ఆగాడు.

వాకిట్లో అమరేష్ తల్లి చెన్నబసమ్మ ఎదురొచ్చింది.

"బేడీలు తెచ్చినవా సారు?"

"ముందు మాట్లాడుదాం పెద్దమ్మా."

"ఏం మాట్లాడుతవ్? దాన్ని తోల్కపో. పిల్లను మాత్రం ఇయ్య. నా కొడుకు రక్తం అది. జైలుకు పోయేదాని కొంగు పట్టుకుని నా మనుమరాలు ఎందుకు తిరగాలె?"

"విషం అని నీకెట్ల తెలుసు?"

ఆమె కొంగు ముడి విప్పింది. అందులో వెండి లింగకాయ ఉంది. లింగాయతులు మెడలో ఇష్టలింగాన్ని ఉంచుకునే చిన్న భరిణె. లింగాన్ని అమరేష్ అరచేతిలో పెట్టి సమాధి చేశారు. కాయ తల్లి దగ్గర ఉండిపోయింది.

అది నల్లగా ఉంది. బొగ్గులా నల్లగా. మంగళవారం శవం మీద చూసినప్పుడు ఇనుపదేమో అనుకున్నాడు జగదీశ్వర్.

"పొద్దుగాల పూజల కూసొని విభూతి పెట్టి తోమిండు. తెల్లగ మెరిసింది. నా కండ్లతోని చూసిన. పైకొచ్చేసరికి గిట్ల! విషం తాకితే వెండి నల్లగైతది. ఎవల్నన్న అడుగు."

"ఇంకేమన్న చూసినవా?"

"వాసన. పాతర మీదికి వంగితే గుప్పుమని నల్లుప్పు వాసన. మజ్జిగల అదే కలిపిచ్చింది సారు. కక్కుకున్నడేమో... అయ్యో, నన్న కందా!" కన్నడంలో కొడుకును పిలుస్తూ ఆమె గుమ్మం మీద కూలబడింది.

ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు.

"ఆ మజ్జిగ నువ్వు గూడ తాగినవా?"

ఆమె కొంగు ముడి మళ్లీ బిగించింది.

"పెద్దమ్మా."

"తాగిన. గదే కుండలది." ఆమె కళ్లు తుడుచుకుంది. "వాని గ్లాసుల ఏం కలిపిందో నాకేం ఎరుక?"

అంగీ మీద కక్కుకున్న మరక లేదు. జగదీశ్వర్‌కు అది గుర్తుంది. కడుపులోకి పోయిన విషం, ఛాతీ మీద ఉన్న వెండిని ఎలా నలుపు చేస్తుంది?

ఆయన కొట్టంలోకి వెళ్లి సౌభాగ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మంగళవారం పొద్దుగాల ఎందుకు కొట్లాడిండ్రు?"

"పాతర గురించి సారు. ఈసారి జొన్నలు మంచిగొచ్చినయ్. పాతరల పోద్దామన్న. లోపల సామాన్ ఉందన్నడు. ఏం సామాన్? ఇరిగిన పైపులు. పారేయ్ అన్న. తమ్మునివి, పారేయనన్నడు. నీకు తమ్ముడెక్కువనా నేనెక్కువనా అని ఒర్లిన. ఊరంత ఇన్నది."

"తరువాత?"

"తిన్నంక ఆయనే మెత్తబడ్డడు. తీసి కొట్టంల పెడత తియ్ అన్నడు. తమ్మునికి చెప్పకు, పరేషానైతడు అన్నడు."

"దీపం దించిందెవరు?"

"నేనే. శానసేపు చూసిన. ఆరలే సారు. ఆరితే నేను దిగనిస్తనా?" ఆమె కూతురి తల మీద చెయ్యి వేసింది. "దిగేటప్పుడు నవ్విండు. 'నీ జొన్నలకు జాగ ఖాళీ చేస్తున్న, ఇగ మూతి ముడువకు' అన్నడు. జరసేపటికి తాడు బరువెక్కింది."

శివాని నిద్రలో కదిలింది. సౌభాగ్య గొంతు తగ్గించింది.

"నన్ను తోల్కపో సారు. కానీ పిల్లను అడుగుతరు కద... నేను చంపలేదని దానికి ఎవలు చెప్తరు?"

జగదీశ్వర్ లేచి మేడ మెట్ల వైపు నడిచాడు.

*

మహంతేష్ మేడ మెట్ల మీద కూర్చున్నాడు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్లు. సముద్రం అడుగును సర్వే చేసే ఓడలో జియాలజిస్ట్. కబురు అందేసరికి ఓడ కాకినాడకు దూరంగా, నడి సముద్రంలో ఉంది. గురువారం తెల్లవారుజామునే ఇల్లు చేరాడు; అన్న ముఖం చూడనేలేదు, తల్లి చెప్పిందే కంప్లైంట్‌గా రాసిచ్చాడు.

"ఓడలో మీ పని ఏంది?"

"ఇప్పుడు అది ఎందుకు సార్?"

"చెప్పు."

"బుడగలు వెతకడం." అతను నిర్లిప్తంగా అన్నాడు. "సముద్రం అడుగున అక్కడక్కడా గ్యాస్ బుడగలు పైకి వస్తాయి. ఎక్కడ వస్తుంటే అక్కడ కింద పగులు ఉన్నట్టు. ఆ గ్యాస్‌ను పరీక్షిస్తే ఎంత లోతు నుంచి వచ్చిందో, కింద ఏ రాయి ఉందో, ఏ పొర ఎలా విరిగిందో చెప్పొచ్చు. అంత కిందికి మనిషి పోలేడు సార్. పైకి వచ్చినదాన్ని బట్టే లోపలిది తెలుసుకోవాలి."

"మాదీ అదే పని."

మహంతేష్ మొదటిసారి తల ఎత్తి చూశాడు.

"పాతరల నీ సామాన్ ఉందంట?"

"నాదా? లేదు. నా సామాన్ జహీరాబాద్ కోల్డ్ స్టోరేజ్‌లో ఉంది. బుడగలు వచ్చే చోట అడుగు నుంచి తీసిన బురద. గొట్టాల్లో నింపి ఉంటుంది. ప్రాజెక్ట్ ఆపేశారు, పారేస్తామన్నారు. రెండేళ్ల కష్టం సార్. పర్మిషన్ అడిగి తెచ్చుకున్నా. చల్లగా ఉండాలి, నిలబెట్టే ఉంచాలి, ఎండకూడదు. అన్నకు అప్పజెప్పి పోయిన. మొన్న ఆదివారం కూడా అడిగిన. 'చల్లగనే ఉన్నయ్ తమ్మీ, ఫికర్ చెయ్యకు' అన్నాడు."

"కోల్డ్ స్టోరేజ్‌లనే ఉన్నయని చెప్పిండా?"

"చల్లగా ఉన్నాయన్నాడు."

"ఆ బురదకు వాసన ఉంటదా?"

"ఉంటుంది. కుళ్లిన గుడ్డు లాగా."

జగదీశ్వర్ లేచాడు. వీధిలోకి వెళ్లి ఫోన్ చేశాడు. కోల్డ్ స్టోరేజ్ మేనేజర్‌కు వెంటనే గుర్తొచ్చింది.

"ఆ పైపులా సార్? నెల కిందనే తీసుకుపొమ్మన్నం. ఆలుగడ్డలకు కంపు పడుతుందని పార్టీలు గొడవ చేసిన్రు. ఆయన ఆటోల ఏసుకుని పోయిండు. తమ్మునికి చెప్పకండి అని బతిమిలాడిండు పాపం."

ఫోన్ పెట్టేసి ఆయన కాసేపు ఎండలోనే నిలబడ్డాడు. చేతిలో ఉన్నది కంప్లైంట్ ఇచ్చినవాణ్ణే విరిచేసే నిజం. ఖాయం చేసుకోకుండా నోరు విప్పకూడదు.

నెహెమ్యాను వెంటబెట్టుకుని పాతర దగ్గరకు వచ్చాడు. మంగళవారం రాత్రి ఎవరో బండ మళ్లీ మూసి, చుట్టూ మట్టి మెత్తారు. పిల్లలు పడతారని.

"బండ జరుపు. జానెడు చాలు. ముఖం పక్కకు పెట్టుకో."

నెహెమ్యా జరిపాడు. వద్దన్నా ముక్కు పోనిచ్చాడు.

"థూ! గుడ్డు ఖరాబైనట్టుంది సార్. మంగళవారం లేదిది."

జగదీశ్వర్ అతని కాలర్ పట్టి వెనక్కి లాగాడు.

"ఫైర్ వాళ్లు గాలి కొట్టినంక దిగినవ్ కాబట్టి ఇయ్యాల మాట్లాడుతున్నవ్."

ఆయన తాళాల గుత్తి తీశాడు. దానికి ఒక వెండి మెట్టె ఉంది. ఆరేళ్లుగా ఉంది. కాలి వేలికి ఉండాల్సింది తాళాలకు ఎందుకుందని స్టేషన్‌లో ఎవరూ అడగరు. ఆయన దాన్ని విప్పి, దారానికి కట్టి, సందులోంచి కిందికి వదిలాడు. బండ మూయించాడు.

"నాలుగింటికి అందరినీ పిలువు."

*

నాలుగింటికి వాకిట్లో వేప నీడ పొడుగైంది. చెన్నబసమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. సౌభాగ్య కొట్టం స్తంభాన్ని పట్టుకుని. మహంతేష్, కిష్టప్ప చెరో వైపు. శివానిని హన్మమ్మ తన ఇంటికి తీసుకుపోయింది. జగదీశ్వరే అడిగాడు. పిల్ల వినాల్సిన మాటలు కావివి.

"బండ తియ్యండి. అందరు దూరంగ ఉండండి. కిష్టప్పా, మీ రివాజు ప్రకారం దీపం దించు. చెయ్యి చాపి దించు, వంగకు."

దీపం దిగింది. అందరూ చూశారు. చీకట్లో చిన్న పసుపు చుక్క. కదలకుండా మండింది.

"ఆరిందా?"

"లేదు సారు."

"అంటే గాలి మంచిదే?"

"మంచిదే."

జగదీశ్వర్ రెండో దారం లాగాడు. మెట్టె పైకొచ్చింది.

నల్లగా ఉంది. బొగ్గులా నల్లగా.

చెన్నబసమ్మ చేయి తన కొంగు ముడి మీదికి పోయింది.

"పెద్దమ్మా, ఈ మెట్టెకు ఎవరన్న మజ్జిగ తాపిండ్రా?"

మహంతేష్ ఒక అడుగు ముందుకు వేశాడు. మెట్టెను చూశాడు. దీపాన్ని చూశాడు. అతని ముఖంలో నెత్తురు లేదు.

"సార్... లోపల ఏముంది?"

"మొన్న మేం విరిగిన పైపులు అని రాసుకున్నం. తప్పు మాది. పొద్దున మళ్లీ ఫొటోలు చూసిన. ఆరు పైపులు గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నయ్. ఒక్కటి గూడ పండబెట్టలేదు. ఒక్కోదానికి తడి గోనె చుట్టి ఉంది. విరిగిన పైపులను ఏ రైతన్న నిలబెట్టి, తడి గోనె చుట్టి చూసుకుంటడా?"

ఆయన ఎవిడెన్స్ కవర్ తెరిచాడు. నీలం మూత. దాని మీద నల్ల మార్కర్‌తో పైకి చూపే బాణం గుర్తు.

"ఇది నేను గీసిందే." మహంతేష్ గొంతు ఎవరిదోలా వినిపించింది. "ఏ వైపు పైకి ఉండాలో తెలియడానికి... అన్నకు చెప్పిన. బాణం పైకే ఉండాలని."

"కోల్డ్ స్టోరేజ్ వాళ్లు వద్దన్నరు. నువ్వు పరేషానైతవని నీకు చెప్పలేదు. ఇంట్ల అన్నిటికంటె చల్లటి జాగ పాతర. అందుకే ఇందుల పెట్టిండు. ఆ బురదల ఏముంటదో నువ్వు చెప్పు. నాకంటె నీకే ఎక్కువ తెలుసు."

మహంతేష్ నేల మీద కూర్చున్నాడు. పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క ముక్కగా చెప్పాడు.

"మీథేన్ ఉంటుంది. దాంతోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్. బురదలో బతికే క్రిములు దాన్ని తయారు చేస్తాయి. చల్లటి గదిలో నిద్రపోయినట్టు ఉంటాయి. ఇక్కడి వేడికి లేస్తాయి. గ్యాస్ ఉబ్బి మూతలను తన్నేస్తుంది. ఓడలో అయితే గొట్టాలకు బెజ్జాలు పెట్టి గ్యాస్ వదిలేస్తాం. నేను... ఎండిపోతుందని టేపు చుట్టి సీల్ చేసిన. ఆ సల్ఫైడ్ గాలికంటే బరువు. అడుగునే కూర్చుంటుంది. వెండి నల్లబడుతుంది."

"దీపం?"

"ఆరదు సార్. దీపానికి ఆక్సిజన్ ఉంటే చాలు. మనిషికి ఆ గ్యాస్ పిసరంత చాలు."

"పెద్దమ్మకు వచ్చింది నల్లుప్పు వాసన. ఈ ఇంట్ల ఎన్నడూ గుడ్డు వండలేదు. కుళ్లిన గుడ్డు వాసన ఎట్లుంటదో ఎవరికి తెలుసు? తెలిసిన వాసన నల్లుప్పుదే. నల్లుప్పుల ఉండేది గూడ ఆ జాతి గంధకమే. మజ్జిగ మీద అనుమానం అక్కడ మొదలైంది." జగదీశ్వర్ గొంతు తగ్గించాడు. "ఒక గొట్టం మూత ఊడి ఉంది. అమరేష్ దిగంగనే అది చూసిండు. గోళ్లల్ల బురద, చేతిల మూత. కారిపోతున్నదాన్ని మళ్లీ మూయబోయిండు. నీ బురద పాడైతదని."

కిష్టప్ప తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మహంతేష్ ఏడవలేదు. మూత మీది బాణాన్ని చూస్తూ అడిగాడు.

"అన్నకు తెలిసిందా సార్? నొప్పి..."

"డాక్టర్‌ను అడిగిన. ఒకటి రెండు ఊపిర్లు. వాసన గూడ సరిగ తెలిసి ఉండదు. ముఖంల భయం లేదు. నేనే చూసిన."

అది నిజం. ఆ ఇంటికి ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నదల్లా అదే. తన ఇంట్లో ఆరేళ్ల కిందట అది కూడా దొరకలేదు. అక్కడ భార్య ఊపిరి ఆగడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మహంతేష్ మోకాళ్ల మీద కొట్టం దాకా వెళ్లాడు. "వదినా, నేను నీ మీద..."

సౌభాగ్య వెనక్కి జరగలేదు. ముందుకూ రాలేదు.

"నువ్వు రాసిచ్చినవ్," అన్నది చివరికి. "నేను దీపం దించిన. ఎవలనని ఏం ఫాయిదా? పైపులు పక్కకు పెట్టినంక నీకు తానే ఫోన్ చేసి చెప్తనన్నడు. 'వాడు తిడతడు, తిట్టని' అని నవ్విండు."

అప్పుడు ఏడ్చాడు మహంతేష్.

చెన్నబసమ్మ లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు, విభూతి ఉండ తెచ్చింది. నీళ్లు కోడలి ముందు పెట్టింది. ముఖం చూడలేకపోయింది.

"లే. మూడు దినాలైతుంది నువ్వు మెతుకు ముట్టక. పిల్ల నీకోసం చూస్తది." కొంగు ముడి విప్పి లింగకాయను ఆమె ఒళ్లో పెట్టింది. "నువ్వు తోము. నీ పెనిమిటిది."

సౌభాగ్య లింగకాయను ముట్టుకోలేదు. చాలాసేపు దాన్నే చూసింది. తరువాత జగదీశ్వర్ వైపు చెయ్యి చాపింది.

"ఆ మెట్టె ఇయ్యి సారు. ఎవలిదో గని, మా కోసం ఖరాబైంది."

ఆయన వద్దనబోయి ఇచ్చేశాడు. ఆమె విభూతి అద్ది రుద్దింది. ముందు అంచు తెల్లబడింది. తరువాత నగిషీ. ఏ కాలిదో, ఎందుకు తాళాలకు ఉందో ఆమె అడగలేదు. తెల్లగా అయ్యాక కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చింది.

"డీఎస్పీ గారికి ఫోన్ చెయ్యమంటారా సార్?" నెహెమ్యా మెల్లగా అడిగాడు. "అరెస్ట్ సంగతి..."

"అరెస్ట్ లేదు. ఫైర్ వాళ్లను పిలువు. మాస్కులు పెట్టుకుని ఆ గొట్టాలు తియ్యాలె. నిలబెట్టే తియ్యమను. బాణం పైకి ఉండాలె."

పాతరలో దీపం ఇంకా మండుతూనే ఉంది. దాన్ని ఆర్పడానికీ పైకి తేవడానికీ ఎవరికీ చేతులు రాలేదు.

చివరికి మహంతేష్ లేచాడు. మూతికి దూరంగా నిలబడి తాడు అందుకున్నాడు. దీపాన్ని లాగాడు. కుదుపు లేకుండా, మెల్లగా. దాని చివర దీపం కాదు, మనిషి ఉన్నట్టు.